పుత్రజీవి అనే పేరు

ఏ చెట్టుకైనా పేరు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరు అడిగినా వైద్యుడు చెన్నవీరయ్య నోటితో చెప్పేవాడు కాదు. ఏదో ఒక పని పురమాయించేవాడు. దురదగొండికి ఆ పేరెందుకొచ్చిందని అడిగిన ఒక పాత శిష్యుణ్ణి దాని కాయలు కోసుకు రమ్మన్నాడు. వాడు ఒళ్ళంతా గోక్కుంటూ తిరిగొస్తే, "తెలిసిందా?" అని మాత్రం అడిగి, కొబ్బరినూనె గిన్నె ముందుకు తోశాడు. ఆ ఊళ్ళో ఈ కథ చెప్పుకుని నవ్వని వాళ్ళు లేరు. పుత్రజీవి గురించి పంపాపతి అడిగిన సంగతి మాత్రం ఎవరూ నవ్వుతూ చెప్పుకోరు.

నల్లమల అంచున, వాగు పక్క ఊరు వాళ్ళది. చెన్నవీరయ్యది జంగాల ఇల్లు. తాతల కాలం నుంచీ వైద్యం. ముసలితనంలో చేతులు వణకడం మొదలైంది. మందు నూరడం, కట్టు కట్టడం అన్నీ శిష్యుడి మీద పడ్డాయి. ఆ శిష్యుడే పంపాపతి. పట్నంలో సంస్కృతం చదివి వచ్చినవాడు. నిఘంటువులో ఒక్కో మొక్కకు ఎన్ని పేర్లుంటే అన్నీ తడుముకోకుండా వల్లించగలడు. పేరంటే సాక్ష్యమని అతని నమ్మకం. పెద్దలు చూశారు, వాడారు, గుణం తేలాక పేరు పెట్టారు. కనుక పేరు విప్పితే గుణం దానంతటదే బయటపడుతుంది. రోగికి మందుతో పాటు పేరుకు అర్థం కూడా విప్పి చెప్పేవాడు. వినేవాళ్ళకు బాగానే ఉండేది. సగం రోగం అక్కడే తగ్గిందనేవాళ్ళు. చెన్నవీరయ్య అవుననీ కాదనీ అనేవాడు కాదు.

చలి వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున సుంకమ్మ వచ్చింది. వాగవతలి ఊరామె, మిరప కోతలకు వెళ్ళే మనిషి. చంకలో నాలుగేళ్ళ కొడుకు ఈరన్న. వాణ్ణి అరుగు మీద దించితే రెండడుగులు నడిచి గొంతుకూర్చున్నాడు. కాసేపు అలాగే కూర్చుని ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాడు. పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టున్నాయి. గోళ్ళూ అదే రంగు.

"పెద్దాసుపత్రిలో ఏమన్నారు తల్లీ?" అన్నాడు చెన్నవీరయ్య.

"గుండెలో బెజ్జముందంట సామీ. పుట్టినప్పుడే తెచ్చింటే ఏమన్నా చేస్తాంటిమి, ఇప్పుడు చెయ్యి పెట్టలేమన్నారు. ఇంటికి తీసుకపోయి, వాడు ఏమడిగితే అది పెట్టమన్నారు."

"నాకు జిలేబి కావాల," అన్నాడు ఈరన్న.

"చూసినావా సామీ? ఆ డాకటరు మాట ఈనికొక్కనికే బాగా ఇనపడింది." సుంకమ్మ నవ్వబోయింది. కుదరక కొంగుతో వాడి ముక్కు తుడిచింది.

చెన్నవీరయ్య నాడి చూశాడు. చూడ్డం అయిపోయాక కూడా ఆ చిన్న చెయ్యి వదల్లేదు. ఈరన్నకు చక్కిలిగింత పుట్టి కిలకిలలాడాడు.

"మందు అడగడానికి రాలేదు సామీ," అంది సుంకమ్మ. "పుత్రజీవి దండ కట్టించు."

ఆ ప్రాంతపు తల్లులకు తెలిసిన కట్టడి అది. వాగవతల ఒక పుత్రజీవి చెట్టుంది. దాని కింద రాలిన కాయల్ని తల్లే ఏరాలి. గింజల్ని వైద్యుడు అక్కడికక్కడే తొలిచి, దారానికి గుచ్చి, బిడ్డ మెడలో కట్టాలి. కట్టేటప్పుడు చెట్టు పేరు పైకి చెప్పాలి. పేరుతో పాటు దాని అర్థమూ తల్లి చెవిన పడేలా చెప్పాలి. అర్థం చెప్పకుండా కడితే అది ఉత్త పూసల దండ.

"పంపాపతీ, దబ్బనం తీసుకో. ఆమెతో వెళ్ళు," అన్నాడు చెన్నవీరయ్య.

పంపాపతి కదల్లేదు. గురువును లోపలికి పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు: "అయ్యా, ఆ బిడ్డ బతకడు. మీకూ తెలుసు. ఆ గింజలకు గుండెలో బెజ్జం పూడ్చే గుణం లేదు. ఆమె ముందు నిలబడి నేను అబద్ధం ఆడలేను."

"నిన్ను అబద్ధం ఆడమన్నానా? అర్థం చెప్పమన్నాను," అన్నాడు చెన్నవీరయ్య.

పంపాపతి దబ్బనం, దారపు ఉండ, అగ్గిపెట్టె సంచిలో వేసుకున్నాడు.

దారి పొడుగునా సుంకమ్మే మాట్లాడింది. మిరపకాయ ఈసారి మచ్చపడిందనీ, మొగుడు గుంటూరు వైపు బొగ్గుబట్టీలకు పోయి సంక్రాంతికి కూడా మొహం చూపలేదనీ, ఈరన్నకు తోకలేని పిల్లి ఒకటి నేస్తమనీ. పంపాపతి ఊఁ కొట్టాడు. మనసులో మాత్రం నిఘంటువు తిరగేస్తున్నాడు. పుత్రజీవం, గర్భకరం, యష్టిపుష్పం, అర్థసాధకం. ప్రతి పేరూ నిండుగా, నమ్మకంగా వినపడుతోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ నిండుతనం చూస్తే అతనికి ఒళ్ళు మండింది.

పంపాపతి ఆ చెట్టు దగ్గరికి రావడం అదే మొదలు. చెట్టు వాగు గట్టు మీద ఒంటరిగా ఉంది. ముదురాకుపచ్చ ఆకులు, కిందికి వాలిన కొమ్మలు. సుంకమ్మ బిడ్డను నీడలో దించి, మేక పెంటికలు చేత్తో తోసేసి కాయలు ఏరడానికి కూర్చుంది. తెలియని చోటికి వచ్చిన మనిషిలా లేదు. ఎటువైపు కాయలు ఎక్కువ రాలతాయో చూడకుండానే అటు తిరిగి కూర్చుంది.

పంపాపతి పుల్లలేరి మంట చేస్తూ తల పైకెత్తాడు. కింది కొమ్మల నిండా దండలు వేలాడుతున్నాయి. కొన్ని కొత్తవి, చాలామటుకు ఎండకూ వానకూ రంగుపోయినవి. దారం చివికి సగం గింజలు రాలిపోయినవీ ఉన్నాయి. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.

"ఇవేమిటమ్మా?"

"పోయిన బిడ్డలవి," అంది సుంకమ్మ, కాయ పొట్టు గోటితో ఒలుస్తూ. "ఇంట్లో పెట్టుకోకూడదు, కాల్చకూడదు, నీళ్ళలో ఎయ్యకూడదు. మళ్ళ తెచ్చి చెట్టుకే కట్టాల. నువ్వు పెద్ద సదువులు సదివినావు గదా చిన్నసామీ, ఇది లేదా ఆటిలో?"

లేదు. పంపాపతి తల అడ్డంగా ఊపాడు.

సుంకమ్మ గడ్డంతో ఒక కొమ్మను చూపించింది. "అదిగో, ఎర్రదారంది మా పెద్దపాపది. దాని పక్కన దారం ఒక్కటే మిగిలిండాదే, అది రెండోవానిది. వానికి కట్టినప్పుడు నాసి దారం తెస్తి."

ఏం అనాలో తోచనప్పుడు చదువుకున్నవాడి నోటికి చదువే వస్తుంది. "ఆడపిల్లకు కూడా కట్టించావా? పుత్ర అంటే..." అన్నాడు పంపాపతి.

"చెట్టుకు సంస్కృతం రాదులే సామీ," అంది సుంకమ్మ. "బిడ్డ బిడ్డే."

పంపాపతికి చెవులు వేడెక్కాయి. తలదించుకుంటే నేల కనిపించింది. అప్పుడు గమనించాడు, అంత పెద్ద చెట్టు కింద దాని పిల్లమొక్క ఒక్కటి కూడా లేదు. ఏళ్ళ తరబడి గింజలన్నీ దండలకే పోయాయి. తొలిచిన గింజ మొలవదు. బిడ్డల్ని బతికిస్తుందని పేరుపడిన చెట్టుకు సొంత బిడ్డ ఒక్కటీ మిగల్లేదు.

ఇక అతను ఉండబట్టలేకపోయాడు. "రెండుసార్లు కట్టించావు. రెండుసార్లూ తెచ్చి ఇక్కడే కట్టావు. అంతా కళ్ళారా చూసి కూడా మళ్ళీ ఈ చెట్టు దగ్గరికే ఎందుకొచ్చావమ్మా?"

సుంకమ్మ ఒడిలో గింజలు ఏరుతున్నది ఆపలేదు. పుచ్చినది ఒకటి తీసి పారేసింది.

"ఈ పేరున్న చెట్టు ఇంకోటి యాడన్నా ఉందా చిన్నసామీ?" అంది. "ఉంటే చెప్పు, ఆడికే పోతా."

పంపాపతి మంట ఎగదోశాడు. దబ్బనం ఎర్రగా కాల్చి గింజలు తొలవడం మొదలుపెట్టాడు. రాతి గింజలవి, దబ్బనం పదేపదే కాల్చాలి. గింజ కాలిన వాసనకు ఈరన్న పాక్కుంటూ దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"ఇది ఎవరికి?"

"నీకే."

"తింటారా?"

"తినరు."

"మరి ఎందుకు?"

సుంకమ్మ దారం కొస నాలుకతో తడిపి పంపాపతికి అందించింది.

దండ గుచ్చడం అయింది. పంపాపతి దాన్ని బిడ్డ మెడలో వేసి వెనక ముడి పెట్టాడు. మెడ పక్కన నీలంగా ఉబ్బిన నరాన్ని చూడకుండా ఉండాలని ముడినే చూశాడు. "పుత్రజీవి," అన్నాడు. ముడి విప్పి మళ్ళీ వేశాడు. ఇన్నేళ్ళుగా ఎన్ని పేర్లకు, ఎంతమందికి, ఎంత హుషారుగా అర్థం చెప్పాడో! ఇప్పుడు రెండు ముక్కలు నోటికి రాలేదు.

సుంకమ్మ ఎదురుచూసింది. తర్వాత, పాఠం మరిచిన పిల్లవాడికి అందించినట్టు మెల్లగా అంది: "అర్థం చెప్పు చిన్నసామీ. పెద్దసామి రెండుసార్లూ చెప్పినాడు."

"బిడ్డను బతికించేది," అన్నాడు పంపాపతి.

"పుత్రజీవి," అన్నాడు ఈరన్న. ఆ మాట నోటికి రుచిగా తగిలినట్టుంది. ఇంటికి పోతూ తల్లి భుజం మీది నుంచి మళ్ళీ మళ్ళీ అన్నాడు. పంపాపతి వాగు దాటేదాకా వినపడుతూనే ఉంది.

ఉగాది రాకముందే వాడు పోయాడు.

సుంకమ్మ దండ పట్టుకుని ఒక్కతే వచ్చింది. చెన్నవీరయ్యకు దణ్ణం పెట్టింది. ఏడవలేదు, ఏడవాల్సింది ఎక్కడో అయిపోయి ఉంటుంది. పంపాపతి ఆమె వెంట చెట్టు దాకా వెళ్ళాడు.

"నువ్వు పొడుగ్గా ఉండావు, పై కొమ్మకు కట్టు," అంది ఆమె. "కింద కడితే మేకలు అందుకుంటాండాయి."

అతను కట్టాడు.

"బాగా చెప్పినావులే ఆ పొద్దు," అంది సుంకమ్మ. అందులో ఎత్తిపొడుపు వెతికాడు పంపాపతి. ఉంటే బాగుండుననుకున్నాడు. లేదు. "అదే మాట పట్టుకున్నాడు వాడు. నీ పేరేందిరా అంటే ఈరన్న అనేది మానేసినాడు. పుత్రజీవి అనేటోడు. కడకు సూదేసే నర్సమ్మకు కూడా అదే చెప్పినాడు. ఆయమ్మ నవ్వి కాగితంలో అట్లే రాసుకునె."

తిరిగి వస్తూ ఇంకొక్క మాట అంది. "నాకింక ఈ చెట్టుతో పని లేదు. పిల్లలు కాకుండా ఆపరేషను చేసేసినారు." అంతే. తన ఊరి దారి రాగానే వెనక్కి చూడకుండా మళ్ళిపోయింది.

ఆ తర్వాత పంపాపతి పొద్దున్నే నిఘంటువు వల్లించడం మానేశాడు. రోగులు వస్తే మందు కట్టి ఇచ్చేవాడు, పేరు చెప్పేవాడు కాదు. "ఏమయ్యా, అర్థం చెప్పవేం?" అని ఎవరైనా అడిగితే, "తెలియదు," అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం గురువు ఎదుట కూర్చుని అడిగేశాడు.

"అయ్యా, పుత్రజీవి అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది? చూసి పెట్టారా, చూడకుండా కోరుకుని పెట్టారా? చూసి పెట్టారంటే ఆ కొమ్మలు ఒప్పుకోవు. కోరి పెట్టారంటే, మూడు దండలు కట్టించిన ఆ తల్లిని ఏమనాలి? ఆ పేరు లేకపోతే ఆమె ఒక్కసారి ఏడ్చి ఊరుకునేది. పేరుండబట్టి ప్రతిసారీ ఆశపడి మరీ ఏడ్చింది. ఈ ఒక్క పేరు ఇట్లాంటిదైతే మిగతావాటిని మాత్రం ఎట్లా నమ్మను? ఇక నా వల్ల కాదు."

చెన్నవీరయ్య వణికే చేతులు ఒకదానిలో ఒకటి పెట్టుకున్నాడు.

"మీ అమ్మను చూసి చాన్నాళ్ళయింది కదా?" అన్నాడు. "వెళ్ళిరా. చిన్నప్పుడు నీ మెడలో ఒక దండ ఉండేది. అది ఏ చెట్టుదో అడిగి తెలుసుకునిరా."

"నా మెడలోనా?"

"కట్టింది నేనే. అప్పుడు నా చేతులు బాగుండేవి."

బస్సులో కూర్చున్న పంపాపతికి, వద్దనుకున్నా, మెడ దగ్గర ఏదో వెచ్చగా తగిలినట్టయింది. అది పుత్రజీవే అయ్యుంటుంది. అయితే తను బతికాడు. అయితే ఆ పేరు పూర్తిగా అబద్ధం కాదు. దానికి సాక్షి తనే. ఆ మాట మనసులో మెదిలిన మరుక్షణం తలెత్తి కూర్చున్నాడు, పక్కవాడు విన్నాడేమో అన్నట్టు. పై కొమ్మన తను కట్టిన దండ కళ్ళ ముందు కదిలింది. ఒకడు బతికి ముగ్గురు పోతే అది సాక్ష్యమా? తల్లి చెబుతుంది. ఆ రోజుల్లో ఉన్నది ఆమె కదా.

తల్లి శరణమ్మ మిద్దె మీద వడియాలు పెడుతోంది. కొడుకును చూడగానే, "ఏమిరా, ఎండినవాటికి కాకులు, పచ్చివాటికి నువ్వా? తొక్కకుండా రా," అంది.

అతను దండ సంగతి అడిగాడు.

"దండా? ఆఁ, నీకు కోరింతదగ్గు వచ్చినప్పుడు. కండ్లు తేలేసేవాడివి. నువ్వు దక్కుతావని ఎవరూ అనుకోలేదు. చెన్నవీరయ్యగారు ఏవో గింజలు కట్టినారు, అవును."

"ఏ చెట్టువి?"

"ఏ చెట్టువో! ఆయన చెప్పే ఉంటాడు. ఏదో పెద్ద పేరే చెప్పినాడు, అర్థం కూడా చెప్పినాడు. ఎవరికి గుర్తు?" ఆమె గుడ్డ మీద ఇంకో వడియం పెట్టింది. "సూదులు ఏయిస్తిమి, తాయెత్తు కట్టిస్తిమి, దర్గాలో ఊదిస్తిమి. దేనికి తగ్గిందో దేవునికే ఎరుక. తగ్గింది, పాయ."

"ఆ దండ ఏమైంది?"

"నువ్వే తెంపినావు! తెంపి కోళ్ళకు ఏసినావు. అవి కూడా ముట్టలే, రాళ్ళ మాదిరుండె." శరణమ్మ ఆ దృశ్యం తలుచుకుని విరగబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఎప్పటి సంగతో అడుగుతాండావు. ఇప్పుడెందుకురా అది?"

"ఊరికే," అన్నాడు పంపాపతి.

రాత్రి అన్నం పెడుతూ కూడా ఆమెకు ఆ పేరు గుర్తు రాలేదు. రెండుమూడు చెట్ల పేర్లు చెప్పి చూసింది, ఏదీ కాదని తనే అంది. మర్నాడు బస్సెక్కించేటప్పటికి అడిగిన సంగతే మర్చిపోయింది.

పంపాపతి తిరిగి వచ్చేసరికి చెన్నవీరయ్య అరుగు మీద నేలవేము ఎండబెట్టి, కోడిపిల్లలు తొక్కకుండా కర్రతో కాపలా కాస్తున్నాడు. శిష్యుడు వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"మీ అమ్మ చెప్పిందా చెట్టు పేరు?"

"లేదు. గుర్తు లేదంది."

"అర్థం?"

"అదీ గుర్తు లేదు."

చెన్నవీరయ్య తల ఊపాడు. కర్ర పక్కన పెట్టాడు.

"బిడ్డ దక్కింది కనుక ఆమెకు గుర్తుండదు. సుంకమ్మను అడిగితే చెబుతుంది," అన్నాడు. "ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందని కదూ నువ్వు అడిగావు?"